సత్ప్రసాదం పెట్టిన చేతులే

"మిమ్మును చంపు ప్రతివాడు తాను దేవునికి సేవచేయుచున్నానని అనుకొను కాలము వచ్చుచున్నది." (యోహాను 16:2)

ఈ వాక్యం చదివినప్పుడల్లా దెబ్బలు తినేవాళ్ల పక్కన నిలబడిపోతాం. నేనూ అంతే. ఇంగ్లీషువాళ్ల మీద ఫ్రాన్స్ సేనను నడిపిన పల్లెటూరి పిల్ల, మే 30న పండుగ చేసుకునే పునీత జోన్ ఆఫ్ ఆర్క్ విచారణ గురించి చదివాక మాత్రం ఆ ధీమా పోయింది. ఆమెను మతద్రోహం నేరం కింద విచారించినవాళ్లు పరాయి మతంవాళ్లు కారు. బిషప్పు, గురువులు, వేదపండితులు.

జోన్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. యుద్ధంలో పట్టుబడితే ఇంగ్లీషువాళ్లు 10,000 లివర్లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) పోసి కొనుక్కుని, ఫ్రాన్స్‌లోని రువాఁ పట్టణంలో సంకెళ్లు వేసి ఉంచారు. 1431 ఫిబ్రవరి 21న, విచారణ మొదటిరోజే, బిషప్ పియెర్ కోషోన్ పరలోక జపం చెప్పమన్నాడు. అది ఆమెకు అమ్మ నేర్పిన జపం. "నా పాపసంకీర్తనం వినండి, అప్పుడు చెబుతాను" అంది. ఎంత అడిగినా అదే మాట. సంకెళ్లలో ఉన్న పిల్ల, పాపాలు విని క్షమాపణ ఇచ్చే గురువు బాధ్యతను బిషప్పుకు గుర్తుచేస్తోంది!

మూడు రోజులకు ఇంకో ప్రశ్న: "నువ్వు దేవుని వరప్రసాదంలో ఉన్నావా?" ఉన్నానంటే అహంకారం, లేనంటే నేరం ఒప్పుకున్నట్టే. ఆమె ఇలా అంది: "లేకపోతే దేవుడు నన్ను అందులో ఉంచుగాక. ఉంటే అందులోనే నిలుపుగాక." "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని రోజూ గడగడా చెప్పేసుకుపోయే నాకు, ఇప్పుడు ఆ మాట దగ్గర జపమాల కాసేపు ఆగిపోతోంది.

మే 24న భయపడి, తప్పు ఒప్పుకుంటూ కాగితం మీద గుర్తు పెట్టింది. నాలుగు రోజులకే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇక శిక్ష మంటల్లో కాల్చడమే.

మే 30 ఉదయం సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం, కావాలని అడిగింది. మార్టిన్ అనే సన్యాసి బిషప్పుకు కబురు పెడితే, అడిగింది ఇవ్వమన్నాడట. ఇచ్చారు. కొన్ని గంటల్లోనే ఆ తల మీద "మతద్రోహి" అని రాసిన టోపీ పెట్టారు. ఆమె ద్రోహి అని నిజంగా నమ్మితే సత్ప్రసాదం ఎలా ఇచ్చారు? నమ్మకపోతే ఎందుకు కాల్చారు? ఎన్నిసార్లు చదివినా ఈ ముడి నాకు విడలేదు. నేను ఎవరిమీదైనా "వాడికి విశ్వాసం లేదు" అని తేల్చేసిన రోజులు మాత్రం గుర్తొస్తాయి.

కట్టెల దగ్గర ఆమె సిలువ అడిగితే, ఒక ఇంగ్లీషు సైనికుడు పుల్లలతో చిన్నది కట్టి ఇచ్చాడు. గుండెల్లో దాచుకుంది. పక్క గుడిలోంచి తెచ్చిన సిలువను కళ్లకు కనిపించేలా ఎత్తి పట్టుకున్నారు. "యేసూ, యేసూ" అంటూనే పోయింది. బూడిదను సేన్ నదిలో కలిపేశారు.

1455 నవంబరులో ఆమె తల్లి ఇజబెల్ కూతురి కోసం పారిస్‌లోని నోత్ర్ దామ్ గుడికి వచ్చి న్యాయం అడిగింది. మరుసటి ఏడాది జూలై 7న, రువాఁలోనే, పాత తీర్పు చెల్లదన్నారు. అప్పటికి కోషోన్ లేడు. పరలోక జపం నేర్పిన అమ్మ ఇంకా ఉంది.