బావ టూల్ పెట్టె, లారీ డ్రైవర్ గోతం

మా బావతో కారులో దూరం వెళ్లడమంటే సగం డిక్కీ ముందే వదులుకోవడం. ఆయన దగ్గర వందకు పైగా ముక్కలున్న టూల్ సెట్ ఒకటి ఉంది. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, తెరిస్తే వరసగా తళతళలాడే సాకెట్లు, బిట్లు, రాట్చెట్లు. ఒక్కరే ఎత్తితే నడుం పట్టేస్తుంది. "దూరం పోతున్నాం, దేనికీ తడుముకోకూడదు" అంటాడు. ఈసారి జలపాతం చూడ్డానికి బయల్దేరినప్పుడు ఆ పెట్టె ఎక్కడంతో అక్క బ్యాగు డిక్కీ లోంచి దిగి పిల్లల కాళ్ల కింద చేరింది. దారి పొడుగునా వాళ్ల గొడవ అదే.

కొండ మీద జలపాతం బాగుంది, జనం ఎక్కువ. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. నాకు గుర్తుండిపోయింది దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మీద ఇరుక్కున్న ఆ సాయంత్రం.

మసక చీకటి, సన్నగా జల్లు. ఒక మలుపు తిరుగుతుండగా వెనక ఎడమ చక్రం దగ్గర దడదడమని చప్పుడు. కాస్త వెడల్పున్న చోట ఆపి చూస్తే, రాయి అంచు తగిలి టైరు పక్కభాగం బొటనవేలు పట్టేంత చీలింది. పంక్చర్ కిట్టూ సీలెంట్ డబ్బా రెండూ ఉన్నాయి గానీ, అవి రోడ్డును తాకే భాగంలో మేకు దిగితే పనికొస్తాయి. పక్కగోడ చీలితే దండగ. స్టెప్నీ వేయాల్సిందే.

బావ ముఖంలో వెలుగు చూడాలి. పెట్టె దించాడు, రాట్చెట్‌కి (ఒకవైపే తిప్పే పళ్ల పిడికి) పంతొమ్మిది నంబర్ సాకెట్ తగిలించాడు, లాగాడు. నట్టు కదల్లేదు. కారుతో వచ్చిన ఎల్ ఆకారపు వీల్ పానా పెట్టి నేను లాగాను. కదల్లేదు. బయల్దేరే ముందు ఓ షాపులో టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. అక్కడి కుర్రాడు గాలి గన్నుతో నట్లు టర్రుమని బిగించి పంపించాడు. పేరు చెప్పను గానీ, ఆ టర్రు చప్పుడు ఆ వానలో నా చెవుల్లో మళ్లీ మోగింది.

లెక్క చాలా సులువు. మామూలు కార్లకు చాలావాటికి వీల్ నట్లు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల దాకా (తిప్పే బలానికి కొలత ఇది) బిగిస్తే చాలు. కారుతో ఇచ్చే పానా పొడవు పాతిక సెంటీమీటర్లనుకుంటే, 110 న్యూటన్ మీటర్ల నట్టు విప్పడానికి దాని చివర దాదాపు 45 కిలోల బరువు వేయాలి. గన్ను దాన్ని 250 దాకా బిగిస్తే 100 కిలోలు పైనే కావాలి. బావ రాట్చెట్టూ అదే పొడవు. వంద ముక్కలున్న పెట్టెలో పొడుగు ముక్క ఒక్కటీ లేదు! పైగా రాట్చెట్ లోపల ఉండేవి చిన్న పళ్లు. మొండి నట్టు మీద వాటిని నమ్ముకుంటే పళ్లు జారి వేళ్లు చితుకుతాయి.

పైనుంచి వస్తున్న లారీ ఒకటి మమ్మల్ని దాటి ఆగింది. డ్రైవర్ దిగాడు, యాభై దాటి ఉంటాయి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. నేరుగా మా దగ్గరికి రాలేదు. కారు వెనక పది అడుగుల్లో బావ పెట్టిన ఎర్ర త్రిభుజం తీసుకుని మలుపు అవతలికి నడిచి అక్కడ పెట్టి వచ్చాడు. "ఇక్కడ పెడితే ఎవరికి కనపడుద్ది సార్? మలుపు తిరిగాక చూసి బ్రేకు కొట్టేలోపు మీ మీదే ఉంటాడు."

తర్వాత లారీలోంచి ఓ గోతం తెచ్చాడు. గోతమంటే పాత గోనెసంచే, అందులోనూ సగం ఖాళీ. నేలమీద దులిపితే పడ్డవి ఇవి: ఓ ఇనప పైపు, అడుగున్నర చెక్క, కట్టింగ్ ప్లేయర్, పెద్ద స్క్రూడ్రైవర్, రెండు పానాలు, చుట్ట చుట్టిన కట్టుతీగ, ట్యూబు కోసిన రబ్బరు పీలికలు, తాడు. ఏడాది పొడుగునా రోడ్డు మీద బతికే మనిషి సామాను అంతే. బావ ఓసారి ఆ గోతం వైపు, ఓసారి తన పెట్టె వైపు చూశాడు.

ముందు రాళ్లు వెతికాడు. ముందు చక్రాలకు దిగువ వైపు ఒక్కోటి తన్ని గట్టిగా ఇరికించాడు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వాటిలో ఒకటి గాల్లోకి లేస్తే వాలులో కారుని ఆపడానికి ఇక రెండోది ఒక్కటే దిక్కు. తడిసిన మట్టిలో జాకీ దిగబడకుండా దాని కింద చెక్క వేశాడు గానీ, జాకీ అప్పుడే ఎత్తలేదు. చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేయాలి, లేస్తే చక్రం తిరిగిపోతుంది. పానాని నట్టుకి ఎడమవైపు అడ్డంగా తగిలించి, దాని కాడకి పైపు తొడిగాడు. ఇప్పుడు పొడవు ముప్పావు మీటరు. అంటే 100 కిలోల పని 34 కిలోలకు దిగింది. పైపు చివర అరచెయ్యి ఆనించి ఒళ్లు వాల్చాడంతే. కిర్రుమని నట్టు తిరిగింది. పానా మీద ఎక్కి గెంతాలన్న ఆలోచన అప్పటికే నాకు వచ్చింది గానీ, అలా గెంతితే పానా జారి కాలు విరిగే అవకాశమే ఎక్కువ.

నట్లన్నీ తీశాక కూడా చక్రం రాలేదు. తుప్పుకి హబ్బుకి, అంటే చక్రం కూర్చునే మధ్య భాగానికి, అతుక్కుపోయింది. దీనికి బావ పెట్టెలోనే కాదు, ఏ పెట్టెలోనూ సామాను ఉండదు. డ్రైవర్ రెండు నట్లు మళ్లీ నాలుగు చుట్లు వదులుగా ఎక్కించి, కారు దించి, టైరుని పక్కనుంచి మడమతో తన్నాడు. ఇటు ఓ తన్ను, అటు ఓ తన్ను. టప్‌మని ఊడింది. ఆ వదులు నట్లు లేకపోతే చక్రం మీద పడేది. ఇదంతా నేను ఫోన్ లైటు పట్టుకుని చూస్తున్నాను. లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, వాన పడితే ఫోనూ పోయినట్టే.

డబ్బులిస్తే తీసుకోలేదు. "నట్లు ఓ యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ బిగించండి" అని చెప్పి గోతం భుజాన వేసుకున్నాడు. మిగిలిన దారంతా మెల్లగా వచ్చాం. మా స్టెప్నీ సన్న రకం, దాని మీదే 80 దాటొద్దని రాసి ఉంటుంది. అలాంటి వాటికి చాలావరకు 60 పీఎస్ఐ గాలి కావాలి, మామూలు టైరుకి పట్టే దానికి దాదాపు రెట్టింపు. బయల్దేరే ముందు గాలి కొట్టించుకున్నాం కాబట్టి ఆ టెన్షన్ లేకపోయింది.

మర్నాడు పొద్దున పార్కింగులో డిక్కీ మొత్తం కింద పరిచాను. బావ కాఫీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, ఏం తీసేస్తానోనని. నా వాదన ఒక్కటే: కారుని బాగుచేసే సామాను వేరు, కారుని ఆ చోటి నుంచి కదిలించే సామాను వేరు. టైమింగ్ బెల్టు తెగినా, ఫ్యూయల్ పంపు పోయినా నేను రోడ్డు పక్కన చేసేదేమీ లేదు, వంద సాకెట్లున్నా సరే. చీకట్లో, వానలో, నా చేతుల్తో అయ్యే పనులు నాలుగే: టైరు, బ్యాటరీ, ఫ్యూజు, దిగబడ్డ బండిని లాగడం.

అందుకని పెట్టెలోంచి పది నంబర్ పానా ఒకటి ఉంచాను, చాలా కార్లలో బ్యాటరీ టెర్మినల్‌కి పట్టేది అదే. మా నట్టు సైజు సాకెట్, ప్లేయర్, రెండు వైపులా వాడే స్క్రూడ్రైవర్ కూడా ఉంచాను. రాట్చెట్ బదులు పొడవాటి బ్రేకర్ బార్ (మొండి నట్లు విప్పే పళ్లు లేని గట్టి కాడ) కొనాలని రాసుకున్నాను, పైపు దొరికితే అదైనా సరే. దొంగల భయానికి పెట్టే లాకింగ్ నట్టుకి వేరే కీ ఉంటుంది. అది లేకపోతే మిగతా సామాను ఎంతున్నా ఆ చక్రం రాదు, కాబట్టి దాన్ని డ్యాష్‌బోర్డు అరలోకి మార్చాను. తలకు పెట్టుకునే లైటు, గ్లౌజులు, చెక్క, తాడు. ఫ్యూజులు రంగుని బట్టి తలా రెండు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. పోయినదాని బదులు పెద్దది వేస్తే వైరు కాలుతుంది. అగ్నిమాపక సిలిండర్ ఇన్నాళ్లూ డిక్కీలో అడుగున ఉంది. బయటికి తీసి డ్రైవర్ సీటు కింద, పెడల్ వైపు దొర్లకుండా క్లిప్పులో బిగించాను.

ఒక కారు బ్యాటరీ నుంచి ఇంకో కారుకి కరెంటు ఇచ్చే జంపర్ కేబుళ్ల దగ్గర మాత్రం బావ గెలిచాడు. నావి సన్నవి, ఆయనవి లావువి. సన్న వైరులో కరెంటు వెళ్తే వైరు వేడెక్కుతుంది, అవతలి కారుకి చేరేది తగ్గిపోతుంది. ఆయనవే ఉంచాం. నల్ల క్లిప్పుల్లో చివరిది మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, దూరంగా ఇంజన్ దగ్గర ఉత్త లోహానికి పెట్టాలని పిల్లలకు చూపించాడు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, ఆఖరి క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది.

ఇంటికొచ్చాక ఆ షాపుకి వెళ్లి అడిగాను. "అందరికీ అలాగే బిగిస్తాం సార్, ఊడితే మాకు మాట" అన్నాడు. గన్నుతో అంటించి ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగించామో కొలిచే పానాతో, చేయమంటే, రెంచ్ ఉంది గానీ టైం పడుతుందని గొణిగాడు. కూర్చుంటానన్నాను. కూర్చున్నాను.