పీహెచ్‌డీ ఇంటర్వ్యూ, కాల్షియం-48: నా అనుభవం

నిన్న రాత్రి రిజల్ట్ ఇచ్చినారు. ఫిజిక్స్ పీహెచ్‌డీ సీటొచ్చింది. అయినా ఆ ఇంటర్వ్యూ మీద కోపం ఇంకా చల్లారలేదు.

మాది చిత్తూరు పక్కన పల్లె. ఇంటర్వ్యూ తిరుపతిలో. అప్లికేషన్, రాత పరీక్ష ఇబ్బంది లేకుండా అయిపోయినాయి. వెరిఫికేషన్‌కి జిరాక్సులు ఊర్లోనే తీసుకుని పోండి, అక్కడ క్యూలోనే పూట గడిచిపోతుంది.

లోపల కూర్చోగానే ఒక పెద్ద సారు అడిగినాడు: "న్యూక్లియస్ సైజు దేన్నిబట్టి ఉంటుందమ్మా?"

ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి మొత్తం సంఖ్యను బట్టి అన్నాను. వ్యాసార్థం ఆ సంఖ్య ఘనమూలాన్ని 1.2 ఫెంటోమీటర్లతో (న్యూక్లియస్‌లని కొలిచే అతి చిన్న కొలత) గుణిస్తే వస్తుంది. ఎందుకని అడిగితే మూటలో శనక్కాయలతో చెప్పినాను: కాయలు రెండింతలు పోస్తే మూట ఘనపరిమాణమూ రెండింతలవుతుంది, కాయలు ఒకదాంట్లోకి ఒకటి దూరవు. న్యూక్లియర్ బలం పక్కనున్న కణాలనే లాగుతుంది, మరీ దగ్గరికొస్తే నెట్టేస్తుంది. అందుకే బరువైన న్యూక్లియస్‌లన్నిట్లో లోపలి సాంద్రత దాదాపు ఒకటే. 1950లలో అమెరికా శాస్త్రవేత్త హాఫ్‌స్టాటర్ న్యూక్లియస్‌లని ఎలక్ట్రాన్లతో కొట్టి కొలిచింది ఇదే, 1961లో నోబెల్ వచ్చింది.

ఇక్కడితో ఆపుంటే మంచి మార్కులే. కానీ అది సగటు లెక్క మాత్రమేనని, కాల్షియం-40కి, కాల్షియం-48కి (పక్కనున్న అంకె మొత్తం కణాల సంఖ్య) విద్యుదావేశ వ్యాసార్థం, అంటే ప్రోటాన్ల ఆవేశం పరుచుకున్న మేర, రెండూ సుమారు 3.48 ఫెంటోమీటర్లేనని చెప్పినాను. ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువైనా మారలేదు.

సారు నవ్వినాడు. "ఫార్ములా ప్రకారం ఆరు శాతం పెరగాలి కదమ్మా. వాట్సాప్‌లో చదివినావా?" పక్కనున్నాయన కూడా నవ్వినాడు. "తెలుగు మీడియమా?" అని ఇంకో ప్రశ్న. మీడియానికీ కాల్షియానికీ ఏం సంబంధం? చేతులు వణుకుతున్నా మాట మార్చుకోలేదు. "కొలిచిన విలువ సార్, ఫార్ములా కాదు" అన్నాను. చివర కూర్చున్న మేడం లాప్‌టాప్‌లో చూసి, "అమ్మాయి చెప్పింది కరెక్టే" అనింది. ఆ సారు నాకు ఒక్క మాట చెప్పలేదు. కాగితం తిప్పి, "పెళ్లయిందా, పీహెచ్‌డీ పూర్తి చేస్తావా?" అన్నాడు. పక్క రూములో అబ్బాయిల్ని ఎవరూ అది అడగలేదు, కనుక్కున్నాను.

నా క్లాసులో ఎలక్ట్రాన్ స్కాటరింగ్ (ఎలక్ట్రాన్లు న్యూక్లియస్‌ని తాకి చెదరడం) గ్రాఫులు నా అంత శ్రద్ధగా గీసినవాళ్లు లేరు. ఆ నమ్మకమే అక్కడ నిలబెట్టింది. ఇంటర్వ్యూకి పోయేవాళ్లు ఫార్ములాతో పాటు అది ఎక్కడ పనిచెయ్యదో కూడా చదువుకుని పోండి. లిథియం-11 చూడండి. చివరి రెండు న్యూట్రాన్లు వదులుగా అంటుకుని దూరదూరంగా ఉంటాయి, దాంతో 11 కణాల న్యూక్లియస్ 208 కణాలున్న సీసమంత పరుచుకుంటుంది. 1985లో జపాన్ శాస్త్రవేత్త టనిహాటా బృందం ప్రయోగంలో ఈ వింత బయటపడింది. గైడ్‌ని నేను అడగబోయే టాపిక్ ఇదే.