గుణదల మెట్ల మీద

ఈసారి అమ్మమ్మతో విజయవాడలోని గుణదల కొండెక్కాను. మోకాళ్ల నొప్పులు ఆవిడవి, ఆయాసం మాత్రం నాది! 1924లో ఫాదర్ ఆర్లాటి లూర్దుమాత, అంటే మేరీమాత, స్వరూపాన్ని ప్రతిష్ఠించిన చోటు ఇది. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లలో అయితే అడుగు పెట్టే సందుండదు, అందుకే మామూలు రోజు వెళ్లాం.

యేసు సిలువ మోసిన దారిని బొమ్మలుగా చూపే సిలువ మార్గం 14 స్థలాల్లో ఒక్కదాన్నీ అమ్మమ్మ వదల్లేదు. చర్చిలో ఇవే పటాలుగా చూస్తే నాకెప్పుడూ ఏమీ అనిపించేది కాదు. ఇక్కడ అదే ఎండ ఆ బొమ్మల మీదా, మా మీదా. యేసు మూడోసారి పడిపోయిన చోట ఆవిడ మెట్టు మీద కూలబడింది.

“లే అమ్మమ్మా, పైకి పోదాం.”

“నువ్వు పద. నేను ఈయనతో పాటే లేస్తా.”

ఫోన్ జేబులో పెట్టి, పక్కనే కూర్చున్నాను.