పాలపిట్ట-1: 80 హార్స్‌పవర్‌తో 1916 నాటి ఊహా ఫైటర్ కట్టిన అనుభవం

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరు మోసినవి బాంబర్లు. బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ తొలి డీహెచ్-9ఏ విమానాలు నిజాం ఇచ్చిన కానుక, అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ యుద్ధకాలపు ఫైటర్ కూడా మన పేరున ఒకటి ఉంటే ఎలా ఉండేదో సింపుల్‌ప్లేన్స్ అనే విమానాలు కట్టి ఎగిరించే ఆటలో కట్టి చూశాను. 1916లో వచ్చినట్టు ఊహించుకున్న ఒంటరి సీటు బైప్లేన్ (ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలున్న విమానం) అది. పేరు పాలపిట్ట-1. ఆ పిట్టను ఇంగ్లిషులో రోలర్ అనేది గాల్లో పల్టీలు కొడుతుందనే, ఫైటర్‌కు ఇంతకన్నా మంచి పేరేముంది!

కొలతలకు ఆ కాలపు ఫ్రెంచ్ ఫైటర్ నియూపోర్ట్ 11ను దగ్గర పెట్టుకున్నాను. దానిలాగే పై రెక్క పెద్దది, కింది రెక్క సన్నది. పైది 7.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. కిందిది 7.2 మీటర్లు, 0.65 మీటర్లు. మొత్తం సుమారు 14 చదరపు మీటర్లు.

రెక్కలు పెట్టకముందే బరువు లెక్క రాసుకోవాలి. చాలామంది ఇది చివరికి వదిలేస్తారు, తర్వాత పడే తిప్పలన్నీ అక్కడినుంచే. నేను 480 కిలోలు అనుకున్నాను. రోటరీ ఇంజిన్ (ప్రొపెల్లర్‌తో పాటు తానూ తిరిగే రకం) 120, ప్రొపెల్లర్ 12, పైలట్ 80, పెట్రోలు 60 లీటర్లకు 43, ఆముదం 15 లీటర్లకు 14, లూయిస్ మెషిన్ గన్, గుండ్ల డ్రమ్ములు, స్టాండు కలిపి 25. ఇవే 294. మిగిలిన 186 కిలోల్లోనే రెక్కలు, ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్లు), తోక, చక్రాలు అన్నీ సర్దాలి. ఆముదం ఎందుకంటారా? రోటరీలో పెట్రోలు మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే సిలిండర్లకు వెళ్తుంది, మామూలు నూనె పోస్తే అందులో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం పెట్రోల్లో అంత తేలిగ్గా కలవదు. ఒకసారి తిరిగిన నూనె బయటికే పోతుంది, మళ్లీ వాడేది లేదు. పాలమూరు చేలల్లో పండేదే యూరప్ ఆకాశంలో పొగై పోయిందన్నమాట.

ఆటలో దొరికే ఇంజిన్ బరువు మన లెక్కకు సరిపోదు, మాస్ స్కేల్ అనే బరువు సెట్టింగు మార్చి 120కి తేవాలి. రెక్కలను బిగించి పట్టే బ్రేసింగ్ తీగల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. అవి చూపుకే కాబట్టి వాటి బరువు సున్నా చేశాను. లేకపోతే ముప్పై నలభై సన్న ముక్కలు కలిసి ఎక్కడ లేని బరువు తెచ్చిపెడతాయి.

ఇక ఆటలో విమానం మీద కనిపించే ఎర్ర బంతి, నీలి బంతి. ఎర్రది బరువు కేంద్రం, నీలిది లిఫ్ట్ (రెక్కలు పైకెత్తే బలం) కేంద్రం, ఎర్రది ముందుండాలి. నా మొదటి కూర్పులో ఎర్రది 4 సెంటీమీటర్లు వెనకపడింది. అలా ఎగిరిస్తే నేల వదిలిన క్షణం నుంచి ముక్కు పైకి లేస్తూనే ఉంటుంది. స్టిక్ ముందుకు నెట్టినా ఆగదు, స్టాలై (రెక్కలకు లిఫ్ట్ పోయి) వెల్లకిలా పడుతుంది. తోక రెక్క పెంచితే నీలి బంతి వెనక్కి జరుగుతుంది, జబ్బు నయమైనట్టే కనిపిస్తుంది. కానీ అప్పుడది బాణంలా నేరుగా పోతుందే తప్ప వంగదు. మంచి పద్ధతి బరువులు జరపడమే.

నాకు ఎర్రది 6 సెంటీమీటర్లు ముందుండాలి, అంటే మొత్తం 10 సెంటీమీటర్ల తేడా రావాలి. 480 కిలోల విమానానికి అది 48 కిలో-మీటర్ల మొమెంట్ (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది). ఇంజిన్ ఒక్కదాన్నే జరిపి సాధించాలంటే 40 సెంటీమీటర్లు ముందుకు పోవాలి, ముక్కు కొంగ ముక్కవుతుంది. అందుకే ఇంజిన్‌ను 20 జరిపాను, 5 వచ్చింది. పైలట్‌ను 15 జరిపాను, రెండున్నర వచ్చింది. పై రెక్కను 4 వెనక్కి లాగాను. మొత్తం రెక్కల వైశాల్యంలో మూడింట రెండు వంతులు దానిదే కాబట్టి మిగతాది ఇంచుమించు దాంతోనే తీరింది.

పెట్రోలు ట్యాంకు కచ్చితంగా బరువు కేంద్రం మీదే ఉండాలి. మొదట దాన్ని అరమీటరు ముందు పెట్టాను. నిండుగా ఉన్నంతసేపు అంతా బాగుంది. ఖాళీ అయ్యేసరికి ఎర్ర బంతి 5 సెంటీమీటర్లు వెనక్కి జారింది, కష్టపడి తెచ్చిన ఆరులో మిగిలింది ఒక్కటి.

ఇంజిన్ శక్తి పెంచాలన్న చపలత్వం ఆపుకోవాలి. 80 హార్స్‌పవర్ అంటే సుమారు 60 కిలోవాట్లు. ప్రొపెల్లర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే గంటకు 155 కిలోమీటర్ల దగ్గర దొరికే థ్రస్ట్ (ముందుకు లాగే బలం) 970 న్యూటన్లే. డ్రాగ్‌ను (గాలి అడ్డును) దానికి సరితూగేలా సవరించాను. 200 దాటి పోతుంటే అది 1916 విమానం కాదు, వేషం వేసిన రేసర్.

గన్‌ను ప్రొపెల్లర్ గుండా పేల్చలేదు. 1915లో ఫోకర్ ఐన్‌డెకర్‌తో ప్రొపెల్లర్ రేకుల సందులోంచి గుండ్లు పోయేలా చేసే సింక్రొనైజర్ వచ్చింది. నియూపోర్ట్ 11 మాత్రం పై రెక్క మీద లూయిస్ గన్‌తోనే సరిపెట్టుకుంది, నేనూ అదే దారి పట్టాను. ప్రొపెల్లర్ వ్యాసార్థం 1.22 మీటర్లు, గన్ గీత ఇరుసుకు 1.35 మీటర్ల ఎత్తులో. పైలట్ కన్ను 0.6 మీటర్ల దగ్గర ఉంది, గన్‌కూ కంటికీ 75 సెంటీమీటర్ల తేడా. 100 మీటర్ల దూరంలో చూపూ గుండూ కలవాలంటే గన్‌ను 0.4 డిగ్రీలు కిందికి వంచాలి. అసలు లెక్క 0.43, గుండు దారిలో 9 సెంటీమీటర్లు దిగుతుంది కాబట్టి కాస్త తగ్గుతుంది. డ్రమ్ముకు 47 గుండ్లు, నిమిషానికి 550 చొప్పున ఐదు సెకన్లలో ఖాళీ. గన్ బరువు కేంద్రం కన్నా చాలా పైన ఉండటంతో పేల్చినప్పుడల్లా ముక్కు కొద్దిగా లేస్తుంది. దాన్ని సరిచేయలేదు, ఉండనీ.

రోటరీలో ఇంజిన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటే గిర్రున తిరుగుతుంది, ఆ గైరో గుణం ఆటలో దానంతట రాదు. పైలట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ఇంజిన్‌కు కుడి మలుపులో ముక్కు కిందికి, ఎడమ మలుపులో పైకి పోతుంది. ముక్కు ఎత్తితే విమానం కుడికి తిరుగుతుంది. రడ్డర్ ఇన్‌పుట్‌లో పిచ్ (ముక్కు పైకీ కిందికీ కదలడం) విలువలో పదో వంతు, ఎలివేటర్ ఇన్‌పుట్‌లో యా (ముక్కు పక్కలకు తిరగడం) విలువలో పదో వంతు కలిపాను. ప్లస్సు, మైనస్సు తారుమారైతే ముక్కు ఎత్తగానే ఎడమకు లాగుతుంది, అక్కడే దొరికిపోతుంది. పదో వంతు దాటించి చూశాను, నేల దగ్గర బతకనివ్వలేదు.

నియూపోర్ట్‌కు తోక మీద కదలని నిలువు ఫిన్ లేదు, తిరిగే రడ్డర్ ఒక్కటే. అలాగే కడితే తోక కుక్క తోకలా ఊగింది. ఈ ఆటలో ఫ్యూజ్‌లాజ్ ముక్కలు పక్కగాలికి ఆసరా ఇవ్వవు, కారణం అదే. ఫ్యూజ్‌లాజ్ లోపల కనపడకుండా చిన్న నిలువు రెక్క దాచాను. మోసమే, కానీ అసలు విమానానికి ఆ ఆసరా దాని పక్కల నుంచి వచ్చేది.

చక్రాల బ్రేకు సున్నా, వెనక చక్రానికి బదులు నేల మీద జారే స్కిడ్. చక్రాలు బరువు కేంద్రానికి మరీ దగ్గరైతే దిగేటప్పుడు ముక్కు నేలకు గుద్దుకుంటుంది, మరీ ముందుకు పోతే తోక పక్కకు తిరిగి గిరగిరా తిప్పేస్తుంది. నేల తాకే చోటు నుంచి బరువు కేంద్రానికి గీసిన గీత, నిలువు గీతతో 16 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు కుదిరింది.

చివరి పరీక్ష బేగంపేట ఎండది. 531 మీటర్ల ఎత్తు, 40 డిగ్రీల మధ్యాహ్నం కలిస్తే గాలి సాంద్రత సముద్ర మట్టపు ప్రామాణిక విలువ కన్నా సుమారు 14 శాతం తక్కువ. ఆటలో సముద్రం పక్క రన్‌వే మీద ఆ ఎండ రాదు. అందుకే పలచని గాలికి బదులుగా బరువు కేంద్రం దగ్గర 76 కిలోల డెడ్ వెయిట్ పెట్టి 556 చేశాను. స్టాల్ వేగం గంటకు 77 నుంచి 83 కిలోమీటర్లకు ఎక్కింది, బేగంపేట లెక్కకు సరిగ్గా అంతే. పరుగు మూడో వంతు పెరిగింది. ఇక్కడ ఇంజిన్ శక్తి కూడా తగ్గిస్తే ఒకే ఎండకు రెండుసార్లు శిక్ష వేసినట్టు. పరీక్ష అయ్యాక ఆ బరువు తీయడం మరిచిపోవద్దు, తర్వాతి డాగ్‌ఫైట్‌లో విమానం ఎందుకు ఎక్కడం లేదా అని రెక్కల దగ్గర వెతుకుతూ కూర్చుంటారు.