బర్మా క్యాంపు పెద్దాయనకి

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక కాందిశీకుల్లో ఒకడిగా విశాఖలోని ఈ బర్మా క్యాంపుకొచ్చి, నేవీలో పనిచేసి, రిటైరయ్యాక కంచరపాలెం పెన్షనర్లకి దిక్కయిన పెద్దాయన పోయారు. నవంబరొస్తే, పెన్షనరు బతికే ఉన్నారని చూపే లైఫ్ సర్టిఫికెట్ల పని ఆయనదే. వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మల్ని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, ఫోన్లో జీవన్ ప్రమాణ్ ఫేస్ స్కాన్ చేయించేవారు.

ఫ్లెక్సీలు తర్వాత వేద్దురు గాని, ముందు అంత్యక్రియల సంగతి చూడండి. సైనిక లాంఛనాలుంటేనే జాతీయ జెండా కప్పాలి. కాషాయం తలవైపు రావాలి, నిప్పు పెట్టేముందు తీసేయాలి.

ఆపై ఫ్యామిలీ పెన్షన్. డెత్ సర్టిఫికెట్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), డిశ్చార్జి సర్టిఫికెట్, ఆయన భార్య పిన్నిగారి ఆధార్, పాసుబుక్కు కావాలి. బర్మా కుటుంబాల్లో పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి, ఫైలు ఆగేది అక్కడే. తేడా కనిపిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే అడగండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ వదిలేయొద్దు.