అవ్వ ఇల్లు లేచిన ఎండాకాలం

2023 జులై చివర్లో మా ములుగు వైపు పడ్డ వాన ఇక్కడ అందరికీ గుర్తే. మాకు దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ రాత్రే మా పక్కింటి అవ్వ మట్టిగోడ కూలింది. ఆమె బయటపడింది, మేక పోయింది.

అవ్వ చాలా ఏళ్ల కిందటే క్రీస్తును నమ్ముకుంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పటికీ బతుకమ్మ పాటల్లో చరణం మర్చిపోతే ఆడవాళ్లు అడిగేది ఆమెనే. గోడ పడ్డాక చర్చి వరండాలో పడుకునేది. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు సిస్టర్లు ఒకరోజు మా ఇంటికొచ్చి, "మేము సిమెంటు, ఇటుక చూసుకుంటాం. మనుషుల సంగతి మీరు చూస్తారా?" అన్నారు. సరే అన్నాను. ఎంత టెన్షనో అప్పుడు తెలియదు.

మొదటి చిక్కు జాగా. ఆమె బావ కొడుకు అడ్డం తిరిగాడు. "మతం మారినంక మా చిన్నాయన జాగాల ఈమెకు హక్కేంది?" అని. నలుగురిలో అనేసరికి నిజమే కాబోలని నాకూ అనిపించింది. ఫాదర్, నేను హనుమకొండ వెళ్లి ఒక వకీలును కలిశాం. మతం మారినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని 1850లోనే చట్టం వచ్చిందట. పైగా 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పిల్లల్లేని అవ్వ భర్త పోయినరోజే జాగా ఆమెకు వచ్చేసింది. ఇంటి పన్ను రసీదులు కూడా అవ్వ పేరు మీదే ఉన్నాయి, బియ్యం డబ్బాలో దాచింది. అవి చూశాక అతను మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని కాదు.

తర్వాత మేస్త్రీ. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర, అది అయ్యేదాకా మా దగ్గర ట్రాక్టరూ దొరకదు, మనిషీ దొరకడు. మార్చిలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఐదు లక్షలు ఇస్తారు, కానీ పని అయినకొద్దీ విడతలుగా. ముందు బేస్‌మెంట్ మనమే లేపాలి, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. అవ్వకు చెబితే, "నేనొక్కదాన్ని. అంత ఇల్లు ఎవరూడుస్తరు బిడ్డా?" అంది. పన్నెండు బై పది గది చాలంది. గది కన్నా ముందు అరుగు అడిగింది, అదీ మా వాకిలి వైపు.

కప్పు దగ్గర మళ్లీ వాదన. సిస్టర్లు రేకులన్నారు, త్వరగా అయిపోతుందని. మే నెలలో ఇక్కడ రేకుల కింద మధ్యాహ్నం కూర్చుని చూస్తే తెలుస్తుంది. స్లాబుకు డబ్బు లేదు. చివరికి పాత ఇంటి శిథిలాల్లోంచి బాగున్న పెంకులన్నీ ఏరాం. తక్కువ పడ్డవి ఊళ్లో నాలుగిళ్ల వాళ్లు పెరట్లోంచి తెచ్చిచ్చారు. మూడు రకాల పెంకులు, మూడు రంగులు. చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది, నాకైతే నచ్చింది.

గడప ఎత్తే రోజు ఫాదర్ ప్రార్థన చేస్తుంటే, మేస్త్రీ అలవాటు కొద్దీ పసుపు, కుంకుమ పెట్టేశాడు. అందరం ఫాదర్ వైపు చూశాం. అవ్వ, "పసుపు మంచిదే, చెదలు పట్టదు" అంది. ఆయన నవ్వి ప్రార్థన పూర్తి చేశాడు.

మూడు వేల ఇటుకలు తెప్పిస్తే నలభై మిగిలాయి. పని అయిన వారానికి బావ కొడుకు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మేకల కొట్టానికి ఆ ఇటుకలు ఇస్తావా చిన్నమ్మా అని అడిగాడు. అవ్వ అరుగు మీంచి లేవలేదు.

"లెక్కపెట్టి తీస్కపో. సిస్టరమ్మకు లెక్క చెప్పాలె."