ఎర్రల ఎరువు, నా కూలి లెక్క

మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండు ఆవులున్నాయి, పేడ చాలావరకు ఇంట్లోదే. ఎవరో చెప్పారని ఎర్రల ఎరువు, అదే వర్మీ కంపోస్టు, మొదలుపెట్టాను. ఎర్రలు, అంటే వానపాములు, కిలో తెచ్చి అప్పుడే ఎత్తిన పచ్చి పేడలో వదిలేశాను. మర్నాటికి సగం చచ్చాయి, మిగిలినవి గోడ పాకాయి. రెండోసారి ఎలాగో ఎరువు చేతికొచ్చింది. కిలో 5 రూపాయలకి అమ్మి, లాభమే అనుకున్నాను.

తర్వాత పర్లాకిమిడిలో ఆర్‌సెటి శిక్షణ ఉందని తెలిసింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ అండతో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అది. పాడి, వర్మీ కంపోస్టు కోర్సు 10 రోజులు. ఫీజు లేదు, తిండీ బసా వాళ్లవే. మా అత్త మాత్రం, "పేడ ఎత్తడానికి కూడా సదువేటే?" అంది.

క్లాసంతా ఒడియాలోనే. ఎర్రల ఎరువుని జియా ఖత అంటారు. నా పక్కన కూర్చున్న సవర ఆడవాళ్లకి ఒడియా నాకన్నా తక్కువే వచ్చు, పని మాత్రం నాకన్నా ముందే పట్టేశారు. పేడని రెండు వారాలు నీడలో పోసి, నీళ్లు చల్లుతూ వేడి తీయాలి. లోపలికి చెయ్యి పెడితే చల్లగా తగలాలి. గుప్పిట్లో పిండితే తడి తెలియాలి, నీళ్లు కారకూడదు. ఎరువు తీసే ముందు నాలుగైదు రోజులు తడపడం ఆపేస్తే ఎర్రలు అడుక్కి దిగిపోతాయి, పైన ఎరువు ఎత్తుకోవడమే. ఈ ముక్క తెలియక నేను మూడు రోజులు కూర్చుని ఒక్కో ఎర్రనీ చేత్తో ఏరాను!

ఆరో రోజు ధర కట్టడం నేర్పారు. ఎర్రలు వేసిన నా మడి లెక్కే బోర్డు మీద వేయించారు. ఒక మడికి 400 కిలోలు. గడ్డి, కొన్న పేడ 700, సంచులు 160, ఆటో 300. మొత్తం 1,160, అంటే కిలోకి మూడు రూపాయలు కూడా పడదు. గర్వంగా కూర్చోబోయాను.

"మీ కూలి ఎక్కడ రాశారు?" అన్నారు సార్.

"ఇంటి పనికి కూలేంటి సార్?"

ఆయన నవ్వలేదు. రోజుకి గంట చొప్పున 60 రోజులు, అంటే ఎనిమిది గంటల లెక్కన ఏడున్నర రోజుల పని. మా వైపు కూలి 300 వేసుకున్నా 2,250. కలిపితే 3,410, కిలోకి ఎనిమిదిన్నర. 5కి అమ్మిన ఆ మడి మీద 1,400 దాకా నా కూలి కొన్నవాళ్లకి ఊరికే ఇచ్చేశానన్నమాట. ఆ రాత్రి హాస్టల్లో సరిగా నిద్ర పట్టలేదు.

లోను సంగతి వేరే టెన్షన్. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్లలో శిశు రకం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. 40 వేలు అడిగాను. ఒక బ్యాంకువాళ్లు మూడుసార్లు తిప్పారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాన్‌లో వెనకుంది, ఇద్దరూ ఒకరేనని నమ్మకం ఏమిటంటారు. ఆధార్ దిద్దించుకుని వెళ్లేసరికి నెలన్నర పట్టింది. శిక్షణయ్యాక రెండేళ్లు వెన్నంటి ఉండడం ఆర్‌సెటి నియమం, ఫోన్ చేస్తే పలికారు కూడా. పేరు దిద్దే పని మాత్రం నా కాళ్లే చేశాయి.

ఇప్పుడు మూడు మడులు, పైన రేకుల నీడ, కోళ్లు దిగకుండా వల. కిలో 10. పాత బేరగాళ్లలో ఇద్దరు పోయారు. వంగ, మిరప వేసే రైతులు మాత్రం వస్తున్నారు.

మొన్న నోటు పుస్తకంలో కూలి రాస్తుంటే మా అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దున్నే మడులు తడుపుతున్నది నేను కదా. నా పేరు ఎక్కడ రాశావే?"